రెండు సున్నాలు, ఒక నెలవంక

పవర్‌పాయింట్‌లో ఒక ఆకారంతో ఇంకో ఆకారాన్ని కోయవచ్చని మీకు తెలుసా? ఫొటో అంచులు కత్తిరించడం గురించి కాదు నేను చెప్పేది. స్లైడ్ మీద ఒక సున్నా గీయండి. దాని మీదే, కాస్త కుడికి జరిపి, ఇంకో సున్నా పెట్టండి. ముందు మొదటిదాన్ని, తర్వాత రెండోదాన్ని ఎంచుకుని ఒక్క బటన్ నొక్కండి. రెండోది మాయం! పోతూ పోతూ మొదటిదాంట్లోంచి తన మేర ముక్క పట్టుకుపోతుంది. తెర మీద నిఖార్సయిన నెలవంక మిగులుతుంది. దానికి రంగు మార్చుకోవచ్చు, సాగదీయవచ్చు, తిప్పవచ్చు. స్లైడంత పెద్దది చేసినా అంచు చెదరదు. ఇది చూసిన రోజు నుంచి ఎవరు దొరికితే వాళ్ళకు చెబుతున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది గుడివాడ. హైస్కూల్లో సోషల్ చెబుతాను. బళ్ళో గోడకి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చాక మా పాఠాలన్నీ స్లైడ్ల మీదకి ఎక్కాయి. ఇన్‌సర్ట్‌లో షేప్స్ నొక్కితే పెట్టెలు, బాణాలు, నక్షత్రాలు, మేఘాలు వరసగా వస్తాయి కదా, వాటితోనే నా పని నడుస్తూ ఉండేది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా మరిది కొడుకు పక్కన కూర్చుని చూస్తూ, "పెద్దమ్మా, ఇందులో లేని ఆకారం కావాలంటే ఏం చేస్తావు?" అన్నాడు.

"నెట్‌లో వెతికి తెచ్చి పెడతాను నాన్నా."

"వెతకక్కర్లేదు. రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, షిఫ్ట్ పట్టుకుని రెండూ సెలెక్ట్ చెయ్యి. పైన షేప్ ఫార్మాట్‌లోకి వెళ్ళు. ఎడమ పక్క మెర్జ్ షేప్స్ అని ఉంటుంది, చూడు."

అంతే. అక్కడి నుంచి నాకు పండగ రెండింతలైంది.

ఆ మెర్జ్ షేప్స్ కింద అయిదు పేర్లుంటాయి. యూనియన్ నొక్కితే ఎంచుకున్నవన్నీ అతుక్కుని ఒకే ఆకారం అవుతాయి. నెలవంకను చేసింది సబ్‌ట్రాక్ట్. ఇంటర్‌సెక్ట్ ఏం చేస్తుందంటే, ఒకదాని మీద ఒకటి పడ్డ మేర మాత్రం ఉంచి తక్కినదంతా తీసేస్తుంది. రెండు సున్నాలతో చేసి చూడండి, రెండు కొసలా మొన తేలిన చక్కటి ఆకు వస్తుంది. కంబైన్ దానికి పూర్తిగా ఎదురు. రెండూ కలిసిన చోటే కిటికీలా ఖాళీ అయిపోయి, వెనకాల ఏముందో కనిపిస్తుంది. అయిదోది ఫ్రాగ్మెంట్. అది నాకు ప్రాణం, దాని దగ్గరకి నిదానంగా వస్తాను. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి: ముందు దేన్ని ఎంచుకుంటారో దాని రంగే చివరికి నిలుస్తుంది. సబ్‌ట్రాక్ట్‌లో అయితే ముందు ఎంచుకున్నదే మిగిలేది, తర్వాత ఎంచుకున్నవి కోసేవి.

పదో తరగతి లెక్కల్లో సమితులు చదువుకున్నవాళ్ళకి ఇదంతా ఎరిగిన చుట్టమే. నోటు పుస్తకంలో వెన్ చిత్రాలు గీసి, పెన్సిలుతో అడ్డగీతలు కొట్టి, సమ్మేళనం ఇది, ఛేదనం ఇది అని రాసేవాళ్ళం. ఆ లెక్క ఇప్పుడు చేతికి తగులుతోంది. మా లెక్కల మాస్టారికి చూపిస్తే, ఆయన ఆ మధ్యాహ్నమే పిల్లల్ని ప్యానెల్ ముందు కూర్చోబెట్టి సమితులు మొత్తం రెండు సున్నాలతో చెప్పేశారు.

పవర్‌పాయింట్ 1987లో వచ్చింది, మొదట మాకింటోష్ కంప్యూటర్ల కోసం. ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ దాన్ని తయారుచేస్తే, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లిచ్చి కంపెనీనే కొనేసింది. ఈ కోతల విద్య మాత్రం 2010 వెర్షన్‌లోగానీ రాలేదు. అప్పుడు కూడా పైకి కనిపించేది కాదు, సెట్టింగుల్లోంచి వెతికి తెచ్చుకోవాలి. 2013 వెర్షన్ నుంచి నేరుగా మెనూలోనే ఉంటోంది. అంటే పెద్ద పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నవాళ్ళ దగ్గర మాత్రమే ఉండే పనితనం ఇన్నేళ్ళుగా మన బడి కంప్యూటర్లో, పంచాయతీ ఆఫీసు కంప్యూటర్లో, ఇంటి లాప్‌టాప్‌లో కూర్చుని ఉంది!

ఫ్రాగ్మెంట్ విలువ నాకు పెడనలో తెలిసింది. గుడివాడలో బందరు రైలెక్కితే గుడ్లవల్లేరు, కవుతరం దాటాక పెడన వస్తుంది. మచిలీపట్నం కలంకారీ అని పేరు బందరుదే అయినా అద్దకం పని ఇప్పుడు ఎక్కువగా జరిగేది పెడనలో. కరక్కాయ రసం, పాలు పట్టించిన బట్ట ఆరేస్తారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నలుపు వస్తుంది, పటిక పట్టిన చోట ఎరుపు నిలుస్తుంది. ఒకప్పుడు బందరు రేవు నుంచి డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఓడలకొద్దీ పట్టుకెళ్ళిన బట్ట ఇదే. ఇలాంటి అద్దకపు నూలు బట్టలు తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయని 1686లో ఫ్రాన్స్ నిషేధించింది. 1721లో ఇంగ్లండ్ అయితే వాటిని కట్టుకోవడమే తప్పని చట్టం చేసింది. మన పువ్వుల మీద, లతల మీద రెండు దేశాలు చట్టాలు చేశాయంటే వాటి అందం ఏపాటిదో ఆలోచించండి.

నేను చూడటానికి వెళ్ళింది అచ్చుల్ని. టేకు చెక్క మీద చెక్కుతారు. చేత్తో పట్టుకుని చూస్తే లోపలి గీతలు అంత సన్నగా ఎలా నిలబడ్డాయో అర్థం కాదు. ఒక పువ్వుకి ఒక అచ్చు సరిపోదు. గీతకి ఒకటి, ఎరుపు నిండే చోటుకి ఒకటి, తక్కిన రంగులకి ఒక్కొక్కటి. అన్నీ ఒకే బొమ్మలోంచి పుట్టినవే, కానీ విడివిడి ముక్కలు. అచ్చులు చెక్కే పెద్దాయన్ని, "బాబాయ్ గారూ, రంగు పక్కకి జరగకుండా ఎలా పడుతుంది?" అని అడిగాను.

"గీత అచ్చు ముందు పడాలి టీచరు గారూ. అది సరిగ్గా పడితే ఏ రంగు దాని ఇంట్లోకి అది వెళ్తుంది" అన్నారాయన.

ఇంటికి వచ్చి లాప్‌టాప్ తెరిచి ఫ్రాగ్మెంట్ నొక్కాను. ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకారాలు ప్రతి గీత దగ్గరా తెగిపోయి, ప్రతి ముక్కా ఒక విడి ఆకారం అయి కూర్చుంది. దేనికి కావలసిన రంగు దానికి. అక్కర్లేని ముక్క డిలీట్. ఆ పెద్దాయన చెప్పిన ఇళ్ళు ఇవే కదా!

సరే, మామిడి పిందె ఎలా వచ్చిందో చెబుతాను, ఎందుకంటే కలంకారీ అనగానే అందరి కళ్ళలోనూ మెదిలేది అదే. షేప్స్‌లో నీటిబొట్టు ఆకారం ఒకటి ఉంటుంది, టియర్‌డ్రాప్ అని. దాన్ని గీస్తే పైన కుడి పక్క మొన, దాని దగ్గర పసుపుపచ్చ చుక్క కనిపిస్తాయి. ఆ చుక్కను పట్టి లాగితే మొన పొడుగవుతుంది. ఇంకా అది బొట్టే, పిందె కాలేదు. ఇప్పుడు దాని మీద రైట్‌క్లిక్ చేసి ఎడిట్ పాయింట్స్ నొక్కండి. అంచు చుట్టూ చిన్న నల్ల చుక్కలు మొలుస్తాయి. మొన మీది చుక్కను నొక్కితే రెండు పక్కలా రెండు సన్నని గీతలు, వాటి కొసల్లో తెల్ల గడులు బయటికి వస్తాయి. అసలు మంత్రమంతా ఆ తెల్ల గడుల్లో ఉంది. ఒకదాన్ని కిందికి వంచితే అంచు దాని వెనకాలే వంగుతుంది. రెండోదాన్ని కాస్త లోపలికి తోస్తే మొన మెలిక తిరిగి పిందె తోకలా ఒదిగిపోతుంది. చేయి ఎంత కదిపితే గీత అంతే కదులుతుంది. నా చేతికి బొమ్మలు రావు, చిన్నప్పటి నుంచీ రావు. కానీ ఆ వంపు నేను తిప్పిందే. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో!

ఈ తెల్ల గడుల వెనకాల ఉన్న లెక్క కార్ల కంపెనీల్లో పుట్టిందట. 1960ల్లో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియేర్ బెజియే కారు బాడీ వంపుల కోసం ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. అంతకు కాస్త ముందే సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో అనే ఆయన ఇదే లెక్క కట్టాడు కానీ, కంపెనీ దాన్ని గుట్టుగా ఉంచడంతో పేరు బెజియేకి దక్కింది. పారిస్ కారు వంపు, పెడన పిందె వంపు ఒకే సూత్రానికి లొంగాయి. నాకు ఒళ్ళు పులకరించింది.

పిందె అయ్యాక దాన్ని కాపీ చేసి, కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని మూల లాగితే నడిమధ్య కదలకుండా చిన్నదవుతుంది. పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని సబ్‌ట్రాక్ట్ చేస్తే అంచు పట్టీ వస్తుంది. ఆ పట్టీ వెంట చిన్న చిన్న సున్నాలు పేర్చి యూనియన్ చేస్తే పూసల అంచు. లోపల ఒక పువ్వు పెట్టి, అంతా ఎంచుకుని ఫ్రాగ్మెంట్. రంగుల కోసం కూడా తడుముకోనక్కర్లేదు. పెడనలో కొన్న దుప్పటిని ఫొటో తీసి స్లైడ్ మీద పెట్టాను. రంగుల మెనూలో ఐడ్రాపర్ అని ఉంటుంది, దాన్ని ఫొటోలోని ఎరుపు మీద పెట్టి నొక్కితే అదే ఎరుపు నా పిందెలోకి వచ్చేసింది. పటిక ఎరుపు, ఇనుము నలుపు, కరక్కాయ పసుపు, అన్నీ ఆ దుప్పటిలోంచే తీసుకున్నాను.

ఇక అద్దకం. కంట్రోల్ డి కొడితే పిందె ఇంకోటి వస్తుంది. దాన్ని సరైన దూరంలో పక్కకి జరిపి పెట్టి, మళ్ళీ కంట్రోల్ డి కొట్టండి. మూడోది అంతే దూరంలో తనంతట తానే పడుతుంది! నాలుగోది, అయిదోది, ఆరోది... బల్ల మీద బట్ట పరుచుకుని టప్ టప్‌మని అచ్చు వేసుకుంటూ పోయే పెడన చేతులే గుర్తొచ్చాయి. ఒక చీర అంచు వరస నిమిషంలో తయారైంది.

పటాల సంగతి చెప్పకపోతే సోషల్ టీచర్ని కాను. పాఠ్యపుస్తకంలో ఆంధ్రప్రదేశ్ పటం ఉంటుంది, అందులో మన దివిసీమ గోరంత. పిల్లలకి తమ ఊరు పెద్దగా కనిపించాలి. శాటిలైట్ పటం స్లైడ్ మీద పెట్టి, షేప్స్‌లో ఉన్న ఫ్రీఫామ్‌తో ఒడ్డు వెంబడి చుక్క చుక్కగా నొక్కుకుంటూ వెళ్ళాను. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, దిగువన సముద్రం హద్దుగా ఉన్న నేల దివిసీమ. తిరిగి మొదటి చుక్క మీద నొక్కగానే నేల మూసుకుని ఒక ఆకారమైంది. కింద పటం తీసేశాను. ఖాళీ తెల్ల స్లైడ్ మీద దివిసీమ ఒక్కటే ఆకుపచ్చగా నిలబడితే, ఈ ఆకారాన్ని నేను జీవితంలో మొదటిసారి చూస్తున్నాననిపించింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాల హద్దులు గీసి ఫ్రాగ్మెంట్ చేస్తే మూడు మండలాలు చేతికి విడివిడిగా వచ్చాయి. పిల్లలు ప్యానెల్ మీద వేలితో జరిపి అతికిస్తున్నారు. కోడూరు ముక్క పట్టుకున్న పిల్లాడు హంసలదీవిని సరిగ్గా సముద్రం పక్కన పెట్టి, "మేడం, మా అమ్మమ్మగారి ఊరు ఇక్కడ" అని చూపించాడు.

అదే పటంతో 1977 నవంబరు 19 ఉప్పెన పాఠం చేశాను. పది వేల మందికి పైగా పోయారని పుస్తకం చెబుతుంది, ఆ అంకె పిల్లలకి అంటదు. సముద్రానికి నీలం ఆకారం ఒకటి గీసి, నీళ్ళు వచ్చాయని పెద్దవాళ్ళు చెప్పుకునే ఊళ్ళ దాకా ఎడిట్ పాయింట్స్‌తో దాన్ని నేల మీదకి లాగాను. తర్వాత నేలనూ సముద్రాన్నీ ఎంచుకుని ఇంటర్‌సెక్ట్ నొక్కాను. నీళ్ళ కింద పడ్డ నేల ఒక్కటే మిగిలింది. దాన్ని ముదురు రంగు చేసి మళ్ళీ పూర్తి పటం మీద పెడితే క్లాసులో ఎవరూ కదల్లేదు. ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న పాఠం ఇది. ఇంత సూటిగా ఎప్పుడూ అందలేదు.

జాతీయ జెండా సంగతి చెప్పి తీరాలి. మొవ్వ మండలం భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య గారి ఊరు. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పినవారు. జెండా ఎలా ఉండాలా అని 1916లోనే ముప్పై నమూనాలతో పుస్తకం వేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 2. ఆ రోజుకి మా పిల్లలు జెండాను కొలతల ప్రకారం స్లైడ్ మీద తామే తయారుచెయ్యాలని పెట్టుకున్నాం. జెండా పొడవు వెడల్పులు 3:2. అందుకని 18 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు. మూడు పట్టీలు నాలుగేసి సెంటీమీటర్లు. ఫ్లాగ్ కోడ్‌లో 900 మిల్లీమీటర్ల జెండాకి చక్రం 185 మిల్లీమీటర్లని ఉంది, ఆ లెక్కన మన చక్రం 3.7 సెంటీమీటర్లు. సైజు గడిలో అంకె వేస్తే ఆకారం అంతే అవుతుంది, స్కేలు పట్టుకోనక్కర్లేదు.

ఆకులు ఇరవై నాలుగు. ఒక్కో ఆకూ మధ్యలో కాస్త లావుగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. 360ని 24తో భాగిస్తే 15 డిగ్రీలు. ఇక్కడ ఒక చిక్కుంది. పవర్‌పాయింట్‌లో ఏ ఆకారాన్ని తిప్పినా అది తన నడుము చుట్టూ తిరుగుతుంది తప్ప చక్రం ఇరుసు చుట్టూ తిరగదు. దీనికి విరుగుడు కనిపెట్టింది తొమ్మిదో తరగతి పిల్ల. రెండు సన్నని డైమండ్లను మొనకి మొన ఆనించి నిలబెట్టి, ముందే యూనియన్ చేసేసింది. ఇప్పుడు ఆ జంట నడుమే చక్రం ఇరుసు! ఇంక పన్నెండు జంటలు చాలు. కాపీలు చేసి రొటేషన్ గడిలో 15, 30, 45 అని 165 దాకా అంకెలు వేసుకుంటూ పోయాం. అన్నిటినీ ఎంచుకుని అలైన్ సెంటర్, అలైన్ మిడిల్ నొక్కగానే పన్నెండూ ఒకే బిందువు మీదకి చేరి ఇరవై నాలుగు ఆకులు విచ్చుకున్నాయి. క్లాసంతా చప్పట్లు. చుట్టూ డోనట్ ఆకారంతో సన్నటి కమ్మీ, మధ్యలో చిన్న సున్నా, అంతా కలిపి యూనియన్. కమ్మీ లోపలి అంచున ఆకుకీ ఆకుకీ మధ్య ఉండే చిన్న బొడిపెలు కూడా మా పిల్లలు వదల్లేదు. ఇంతకాలం చక్రంలో ఆకులెన్ని అంటే ఇరవై నాలుగు అని అప్పజెప్పినవాళ్ళు, ఇప్పుడు ఆకుకీ ఆకుకీ మధ్య కోణం ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

మన అక్షరాలు కూడా ఈ కత్తికి లొంగుతాయి. టెక్స్ట్ బాక్స్‌లో లావుపాటి తెలుగు ఫాంటుతో, నేనైతే రామభద్రతో, "బందరు" అని పెద్దగా రాశాను. నిమ్మకూరు బిడ్డ పేరు మీద ఎన్‌టీఆర్ అనే ఫాంటు కూడా ఉచితంగా దొరుకుతుంది. మంగినపూడి బీచి ఫొటోని ముందు ఎంచుకుని, తర్వాత అక్షరాల్ని ఎంచుకుని ఇంటర్‌సెక్ట్ నొక్కితే ఫొటో అక్షరాల ఆకారంలో తెగింది. "బ" కడుపులో అలలు, "రు" కొమ్ములో ఇసుక! అలా తెగినవి ఇంక అక్షరాలు కావు, బొమ్మలు. కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచినా గళ్ళు గళ్ళుగా విరిగిపోవు. తెలుగు ఫాంట్లతో వేగినవాళ్ళకి ఇదెంత ఊరటో చెప్పనక్కర్లేదు. వార్షికోత్సవం ఫ్లెక్సీకి మా బడి గుర్తు ఇలాగే చేశాం. రైట్‌క్లిక్ చేసి సేవ్ యాజ్ పిక్చర్‌లో ఎస్‌వీజీగా దాచి ఇస్తే ఫ్లెక్సీ షాపు కుర్రాడు, "మేడం, ఇది కోరల్‌డ్రాలో చేయించారా?" అని అడిగాడు. పది అడుగుల బ్యానరు మీద కూడా గీత చెక్కు చెదరలేదు.

మీ కంప్యూటర్లో పవర్‌పాయింట్ 2013గానీ, ఆ తర్వాతదిగానీ ఉంటే ఈ ఆకారాల పనులన్నీ అందులో ఉన్నట్టే, ఎస్‌వీజీగా దాచడానికి మాత్రం ఇంకా కొత్త వెర్షన్ కావాలి. లేకపోతే లిబ్రే ఆఫీస్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. అందులోని ఇంప్రెస్‌లో మెర్జ్, సబ్‌ట్రాక్ట్, ఇంటర్‌సెక్ట్ మూడూ ఉన్నాయి, చుక్కలు పట్టి వంచడమూ ఉంది. ఫ్రాగ్మెంట్ మాత్రం అందులో లేదు. టీచర్లకి నాది ప్రత్యేకంగా ఒక మనవి: స్లైడ్లు మీరే చేసి పిల్లలకి చూపించి ఊరుకోకండి. మౌసు వాళ్ళ చేతికివ్వండి. ముందుగా మీ ఊరి చెరువునో, కాలువనో, మండలాన్నో ఫ్రీఫామ్‌తో గీయించండి.